ఎవరని అడగని తాళం

రికార్డు రూమ్ అమ్మగారు పోయారని మందుల కౌంటర్‌లో పనిచేసే అతను ఫోన్ చేసి చెప్పాడు. చెప్పి ఊరుకోలేదు. గొంతు తగ్గించి, "ఇంతకీ దేంతో పోయారండి? మీకైనా తెలుసా?" అని అడిగాడు. నేను ఫోన్ పెట్టేశాను. ఆ ప్రశ్న ఎవరూ ఎవర్నీ అడక్కూడదని పట్టుబట్టి బతికిన మనిషి గురించి నేనిక్కడ రాస్తున్నాను. జవాబు కోసం చదివేవాళ్ళెవరైనా ఉంటే ఇక్కడే ఆపేయొచ్చు.

మాది రాజమండ్రికి దిగువన, కాలవ గట్టు మీద ఉన్న పాత మిషన్ ఆసుపత్రి. కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగంలో నేను చేరేనాటికే ఆవిడ జుట్టు సగం నెరిసింది. రోగుల కాగితాలన్నీ ఆవిడ గదిలోనే ఉండేవి. డాక్టర్ల దగ్గర్నుంచి ఆయాల వరకు అందరికీ ఆవిడ రికార్డు రూమ్ అమ్మగారే. రిజిస్టరులో ఎవరి పేరైనా వెతికేటప్పుడు ఆ వరుసకి పైన ఒక చెక్క స్కేలు, కింద ఒక చెక్క స్కేలు అడ్డం పెట్టేవారు. కిటికీ దగ్గర నిలబడ్డ మనిషికి తన వరుస తప్ప ఇంకొకటి కనపడేది కాదు. కొత్తగా వచ్చిన నర్సులు నవ్వుకునేవారు. "నీ పేరు ఇందులోకి ఎక్కిన రోజున నవ్వు రాదులేవే," అనేవారు ఆవిడ, తలెత్తకుండానే.

ఆ కిటికీ కూడా ఆవిడ పోట్లాడి కట్టించిందేనట. పాతది నడుమెత్తున ఉండేదట. "జబ్బుతో వచ్చినవాళ్ళు నాకు వంగి మాట్లాడక్కర్లేదు," అని ఒకరోజు తాపీమేస్త్రిని పిలిపించి గోడ పగలగొట్టించారు. అనుమతి కాగితం ఆ తర్వాత వచ్చింది.

నేను చేరిన కొత్తలో మండపేట నుంచి ఒక రైసుమిల్లు యజమాని కారులో దిగాడు. కూతురికి సంబంధం చూస్తున్నారు. ఆ కుర్రాడు ఒకప్పుడు మా ఆసుపత్రిలో వారం రోజులున్నాడని తెలిసింది. "ఒక్కసారి ఆ కాగితాలు చూపిస్తే చాలండి, ఆడపిల్ల జీవితం," అన్నాడు ఎంతో మర్యాదగా.

"తప్పకుండా చూడాలండి ఆడపిల్ల జీవితం," అన్నారావిడ. "మీ అమ్మాయి కాగితాలూ ఇక్కడే ఉన్నాయి కదా. రేపు అబ్బాయి తరఫువాళ్ళొచ్చి అడిగితే చూపించమంటారా?"

ఆయన వెనక్కి తిరిగి కారెక్కాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి మా ఆసుపత్రిలో హెచ్‌ఐవీ పరీక్షల గది తెరిచారు. ఆ జబ్బు పేరు వింటేనే ఊళ్ళు భయపడే రోజులవి. అందుకే ఆ వివరాలు కాగితం మీద ఉండకూడదని నిర్ణయించి, హైదరాబాదు కంపెనీ ఒకదాని చేత ఎన్‌క్రిప్షన్ ఉన్న డిస్కు పెట్టించారు. బిగించింది నేను. చాలా గర్వంగా ఆవిడకి వివరించాను. అక్షరాలన్నీ గుర్తుపట్టలేనట్టు మారిపోయి ఉంటాయి, పొద్దున్నే పెద్ద డాక్టరుగారు పాస్‌వర్డ్ కొడితేనే తెరుచుకుంటుంది, దొంగ ఎవడైనా డిస్కు ఊడబెరుక్కుని పోయినా వాడికి ఒక్క ముక్క అర్థం కాదు అని చెప్పాను.

ఆవిడ అంతా శ్రద్ధగా విన్నారు. "ఎత్తుకుపోయినవాడి సంగతి సరే అబ్బాయ్. ఇక్కడే కూర్చున్నవాడి సంగతేంటి?" అన్నారు.

నేను నవ్వేశాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

రెండు నెలలు కాకముందే రావులపాలెం అవతల పల్లె నుంచి ఒకామె వచ్చింది. అంగన్‌వాడీలో పిల్లలకి వండిపెట్టే ఆయా. పరీక్షల గదికి ఒక్కసారే వచ్చి వెళ్ళిన మనిషి. కిటికీ ఊచలు పట్టుకుని, "అమ్మగారూ, మీ కంప్యూటర్ చెప్పిందంటండి మా ఊళ్ళో," అంది. "పిల్లల్ని పంపడం మానేశారు. నేను ముట్టుకున్న గిన్నెలు కాలవలో పడేశారండి."

అమ్మగారు గది తలుపు తీసి ఆమెను లోపలికి తీసుకొచ్చి తన కుర్చీలో కూర్చోబెట్టారు. మంచినీళ్ళిచ్చి, ఆమె తాగిన గ్లాసుతోనే తనూ తాగారు. అప్పుడు నాకు కబురు పెట్టారు.

"మందుల కౌంటర్ కంప్యూటర్ ముందు కూర్చో. అక్కడివాళ్ళ పేరుతోనే లోపలికెళ్ళు. నువ్వు తాళం వేశానన్నది తెరువు చూద్దాం."

తెరుచుకోదన్న నమ్మకంతోనే కూర్చున్నాను. ఒక్క నిమిషంలో ఆ జాబితా అంతా తెర మీదకొచ్చింది. చప్పున చేత్తో కప్పేశాను. పొద్దున పెద్ద డాక్టరుగారు కొట్టే పాస్‌వర్డ్‌తో డిస్కు తెరుచుకున్నాక, ఏ కంప్యూటర్ నుంచి ఎవరు అడిగినా అది ఇచ్చేస్తోంది. నువ్వెవరు, ఇది చూసే హక్కు నీకుందా అని అడిగే మెట్టు ఆ ప్రోగ్రాములో అసలు లేనే లేదు. కంపెనీవాళ్ళు రాయలేదు. నేను సరిచూసుకోలేదు.

"చూడగలగడం వేరు, చూడొచ్చు అనడం వేరు," అన్నారావిడ. "ఆ రెండో ముక్క మీవాళ్ళు మర్చిపోయారన్నమాట."

ఇద్దరం అడ్మినిస్ట్రేటర్ గారి దగ్గరికెళ్ళాం. ఆయన కంపెనీకి ఫోన్ చేశారు. డిస్కు ఎన్‌క్రిప్షన్‌లో ఉండగా బయటికి పొక్కడం అసాధ్యమని వాళ్ళు ఢంకా బజాయించి చెప్పారు. మందుల కౌంటర్‌లో మేం చూసింది చెబితే, మీరేదో తప్పు నొక్కి ఉంటారన్నారు. అడ్మినిస్ట్రేటర్ గారికి అదే హాయిగా ఉంది. "ఆ అమ్మాయిని ఇక్కడెవరో చూసి ఊళ్ళో చెప్పుంటారండి. మనం గొడవ చేస్తే ఆసుపత్రి పేరేమైపోతుంది?"

"ఆ పిల్ల పేరేమైపోయిందో ముందు చెప్పండి," అన్నారావిడ.

బయటికొచ్చాక నన్ను ఒకటే అడిగారు. "కళ్ళతో చూశావుగా. రెండు ముక్కలు రాసి సంతకం పెట్టివ్వు." నేను రేపన్నాను. మర్నాడు మళ్ళీ రేపన్నాను. కొత్త ఉద్యోగం, ఇంట్లో చంటిబిడ్డ. ఆవిడ మూడోసారి అడగలేదు. తిట్టనూ లేదు.

మరుసటి వారం క్యాంటీన్‌లో ఒక మాట నా చెవిన పడింది. రికార్డు రూమ్ అమ్మగారికీ ఆ జబ్బేనట అని. నేను నమ్మలేదు. ఉండబట్టలేక ఓపీ టికెట్ల కౌంటర్ కంప్యూటర్ ముందు కూర్చుని ఆ జాబితా తెరిచాను. ఆవిడ పేరుంది. పక్కన ఫలితం కూడా ఉంది.

ఆ రోజు ఆ జాబితా తెరిచే హక్కు నాకు లేదు. ఈ మాట ఇక్కడ రాయకపోతే ఆవిడ గురించి రాసే అర్హత కూడా నాకుండదు.

ఆ ఆదివారం చర్చిలో రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడానికి ప్రభు బల్ల దగ్గర ఆవిడ మోకరించినప్పుడు పక్కన ఎవరూ చేరలేదు. రెండువైపులా ఖాళీ. ఆవిడ ఆ చివరికీ జరగలేదు, ఈ చివరికీ జరగలేదు. సరిగ్గా మధ్యలో, వీపు నిటారుగా పెట్టుకుని ఉన్నారు. ఇంటి పక్కావిడ కూరగిన్నె ఇచ్చిపుచ్చుకోవడం మానేసింది. క్యాంటీన్‌లో ఆవిడ టీ కప్పు విడిగా పెట్టడం మొదలెట్టారు. "నాకు విడిగా పెడితే అందరికీ విడివిడిగానే పెట్టండి," అని ఆవిడ ఆ కప్పుని మిగతా కప్పులున్న పళ్ళెం మీదికి తోసి, మిగతావాటితో కలిపేసి, అందులోంచి ఒకటి తీసుకున్నారు.

తర్వాత ఆవిడే కమిటీని పిలవమని అడిగారు. అడ్మినిస్ట్రేటర్ గారు, పెద్ద డాక్టరుగారు, చర్చి అయ్యగారు, హైదరాబాదు నుంచి కంపెనీ మనుషులిద్దరు వచ్చారు. నేను గోడ పక్కన నిలబడ్డాను.

అడ్మినిస్ట్రేటర్ గారు చాలా జాలిగా మొదలుపెట్టారు. "మీరు కొన్నాళ్ళు సెలవు తీసుకోండమ్మా. మీ ఆరోగ్యం ముఖ్యం కదా."

"నా ఆరోగ్యానికేమైందండి?"

ఆయన అయ్యగారి వైపు చూశారు. అయ్యగారు చేతిలో ఉన్న బైబిలు వైపు చూశారు.

"చెప్పండి పర్లేదు. మీకు తెలిసింది కదా. ఎలా తెలిసిందండి?"

ఆవిడ పెద్ద డాక్టరుగారిని, తానిచ్చిన కవరు విప్పమన్నారు. పదిహేను రోజుల క్రితం అంటించి ఆయన చేతికిచ్చిన కవరది. డాక్టరుగారు పైకి చదివారు. అందులో ఇలా ఉంది: ఈ రోజు నా పేరు నేనే ఆ డిస్కులోకి ఎక్కించాను. ఏ కాగితం మీదా రాయలేదు, ఏ మనిషికీ చెప్పలేదు. నా గురించి మాట బయటికొస్తే ఆ డిస్కులోంచే వచ్చినట్టు.

"చూసే హక్కున్నది ఇద్దరికి. డాక్టరుగారికీ, నాకూ," అన్నారావిడ. "డాక్టరుగారూ, మీరెవరికైనా చెప్పారా?"

ఆయన తల అడ్డంగా ఊపారు. "నేనసలు చూడనేలేదమ్మా."

కంపెనీ మనుషుల్లో ఒకతను లేచాడు. "అది సాధ్యం కాదు సార్. డిస్కు మొత్తం ఎన్‌క్రిప్షన్‌లో..."

"సాధ్యమేనండి," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. "టికెట్ల కౌంటర్లోంచి నేనే తెరిచి చూశాను. చూడకూడదు. చూశాను. ఎవరైనా చూడొచ్చు, అది అడగదు. కావాలంటే ఇప్పుడే రండి, చూపిస్తాను."

ఆవిడ నా వైపు తిరిగి చూశారు. అంతసేపట్లో అదొక్కసారే ఆవిడ కళ్ళు తడయ్యాయి.

కాసేపటికి అయ్యగారు మెల్లగా, "ఇంతకీ, అందులో రాసింది నిజమా అమ్మా?" అన్నారు.

"మీరది అడక్కూడదు అయ్యగారూ. ఇదంతా అందుకేగా," అన్నారావిడ.

ఆ మధ్యాహ్నమే ఆ డిస్కుకి మిగతా కంప్యూటర్ల నుంచి వెళ్ళే తీగలు పీకేశాను. కంపెనీవాళ్ళు తర్వాత ప్రోగ్రాము మార్చి పంపారు. ఎవరు అడుగుతున్నారో చూసి, హక్కు లేనివాళ్ళకి కాదని చెప్పే ప్రోగ్రాము. అడ్మినిస్ట్రేటర్ గారు మందుల కౌంటర్లో ఒకతన్ని తీసేస్తామంటే ఆవిడ ఒప్పుకోలేదు. "చూసింది ఒక్కడే కాదు. ఒకణ్ణి పంపేసి చేతులు దులుపుకోకండి," అన్నారు. ఆ రోజు చూసినవాళ్ళలో ఒకడు మొన్న నాకు ఫోన్ చేసి దేంతో పోయారని అడిగాడంటే, ఆవిడకి మనుషుల మీద ఎంత ఓపికో చూడండి.

అంగన్‌వాడీ ఆయాకి ఆ ఊళ్ళో పని మళ్ళీ రాలేదు. "పిల్లలకి వండకూడదన్నారుగా, రోగులకి వండనివ్వండి," అని ఆవిడ మా ఆసుపత్రి వంటశాలలో ఉద్యోగం ఇప్పించారు. కమిటీలో అభ్యంతరం చెప్పినవాళ్ళ పక్కనే కూర్చుని, ఆమె వండిన మొదటి రోజు సాంబారన్నం రెండుసార్లు వడ్డించుకున్నారు.

ఆవిడ మీద పడ్డ మాట మాత్రం పోలేదు. ఒకరోజు నేనే ఉండబట్టలేక అన్నాను. "అది ఉత్తిదేనని ఒక్కసారి చెప్పేయండమ్మగారూ. అందరి నోళ్ళూ మూతపడతాయి."

"ఉత్తిదని నీకెవరు చెప్పారు?"

నేను తెల్లబోయాను.

"నాకు లేదని నేను ఊరంతా చెప్పుకున్న రోజున, ఉన్నవాళ్ళందర్నీ ఇంకో మెట్టు కిందికి తోసినట్టు. నేను తొయ్యను. ఉందో లేదో నాకు తెలుసు. చాలు," అన్నారు.

రిటైరయ్యేదాకా, ఆ తర్వాత కూడా, ఆవిడ ఆ మాట మీదే ఉన్నారు. ఆ డిస్కులో ఆవిడ ఎక్కించింది నిజమో కాదో నేను అప్పుడూ తెలుసుకోలేదు, ఇప్పుడూ తెలుసుకోను. తెలుసుకునే వీలు నాకుంది. హక్కు లేదు. ఆ తేడా నాకు నేర్పినందుకు ఆవిడకి బతికుండగా సరిగ్గా కృతజ్ఞత చెప్పుకోలేకపోయాను.

సమాధి కార్యక్రమానికి చర్చివాళ్ళు కొద్దిమందే వచ్చారు. వచ్చినవాళ్ళు కూడా ఎడంగా నిలబడ్డారు. ప్రార్థన మొదలయ్యాక కాలవ గట్టు మీద ఆటోలు ఒక్కొక్కటీ ఆగసాగాయి. ఒక్కో ఆటోలోంచి ఒక్కో ఆడమనిషి దిగింది. ఒకామె కాన్వెంటు పిల్లల డ్రెస్సులు కుట్టే దర్జీలా మెడలో టేపుతో ఉంది. ఒకామె పట్టుచీర కట్టుకుని ఉంది. ఒకామె చేపలబుట్ట గట్టు మీదే దించి వచ్చింది. మా ఆసుపత్రివాళ్ళలో ఎవరో, "మీరావిడకి ఏమవుతారమ్మా?" అని అడిగారు. "ఏమీ కామండి," అంది పట్టుచీర ఆమె. వాళ్ళు ఒకరివైపు ఒకరు చూసుకోలేదు. ఎవరు, ఏ ఊరు, ఎందుకొచ్చావని ఒకర్నొకరు అడగలేదు. వంతుల వారీగా ముందుకొచ్చి, సమాధికి ఆనుకుని నిలబడి, రెండు చేతులా మట్టి తీసి వేశారు. మట్టి చేతులతోనే తిరిగి గట్టెక్కి, ఎవరి ఆటోలో వాళ్ళు, కొందరు పైకి, కొందరు కిందికి వెళ్ళిపోయారు.