ఆబోతును ఎంచిన మోడల్, అందులో లేని తల్లి

అమెరికాలో, అట్లాంటాకి ఉత్తరాన అల్ఫారెట్టాలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి ధరలు అంచనా వేసే మోడల్స్ తయారు చేయడం నా ఉద్యోగం. ఆవుల గురించి నాకు తెలిసింది పాల ప్యాకెట్ వరకే. అలాంటిది ఫిబ్రవరి చివర్లో, మా కుటుంబానికి ఎప్పట్నుంచో తెలిసిన సరళ ఆంటీ ఫోన్ చేసి, "శనివారం వేలంలో ఆబోతును కొనాలమ్మా. నా మోడల్ ఒకసారి చెక్ చేసి పెడతావా?" అన్నారు. ఆంటీ గుంటూరులో చదివి, డెబ్బయ్యవ దశకంలో ఇక్కడికొచ్చి, రిటైరయ్యేదాకా కాన్పులు చేసిన డాక్టరు. ఇప్పుడు దక్షిణ జార్జియాలో, టిఫ్టన్ దగ్గర, మాంసం కోసం అమ్మే పశువుల్ని పెంచుతున్నారు. ఇంట్లో గుడ్డు కూడా వండని మనిషి ఈ పని చేస్తున్నారంటే మొదట నమ్మలేకపోయాను. కళ్లతో చూసి రావాలనే బయల్దేరాను.

శుక్రవారం ఉదయం ఎనిమిదికి కారు తీస్తే అట్లాంటా ట్రాఫిక్ దాటేసరికే తొమ్మిదిన్నర. అక్కణ్ణుంచి ఐ-75 హైవే మీద నేరుగా దక్షిణానికి. మేకన్ దాటాక రోడ్డు ఖాళీ అయింది. పీచ్ తోటలు గులాబీరంగు పూత మీదున్నాయి. దారిలో ఒకసారి కాఫీకి ఆగినా నాలుగు గంటల ప్రయాణమే. రానూపోనూ పెట్రోలుకి నలభై డాలర్లయింది. టిఫ్టన్‌లో మోటెల్ గది తొంభైకి దొరుకుతుంది కానీ ఆంటీ ఒప్పుకోలేదు.

పప్పుచారు, వంకాయ వేపుడుతో భోజనం పెట్టి, అదే బల్ల మీద లాప్‌టాప్ తెరిచారు. పశువుల్ని చూసుకునే మేనేజర్ వేన్ కూడా వచ్చి కూర్చున్నాడు. అక్కడే పుట్టి పెరిగిన మనిషి, ఆంటీని 'డాక్' అంటాడు. ఒక్కో ఆబోతుకు పుట్టే దూడలు ఎంత బరువుతో పుడతాయి, ఎంత త్వరగా ఎదుగుతాయి, మాంసం ఎలా ఉంటుంది అన్న అంచనాలు వేలం క్యాటలాగ్‌లో ఉంటాయట. ఒక్కో లక్షణానికీ ఇంతని విలువ కట్టి, మేత ఖర్చూ నష్టాలూ తీసేస్తే, ఏ ఆబోతు వల్ల ఎంత లాభం మిగులుతుందో మోడల్ చెబుతుంది. నేను ఫార్ములాలన్నీ చూశాను. ఎక్కడా తప్పు లేదు. అన్నిటికన్నా పైన ఒక భారీ నల్ల ఆబోతు నిలిచింది.

"నేను చెప్పిందీ అదే కదా, డాక్," అన్నాడు వేన్ సంబరంగా. "పోయినేడు కొన్నది దీని అన్నే. దూడలు ఎలా ఎదుగుతున్నాయో చూస్తున్నారుగా."

సాయంత్రం పొద్దు వాలుతుండగా అతనే కొట్టం నుంచి ఫోన్ చేశాడు. ఒక తొలిచూలు పెయ్య ఈనలేకపోతోందట. ఆంటీ వెంట నేనూ పరుగెత్తాను. ఇనుప గేట్ల మధ్య ఆ పెయ్య రొప్పుతోంది. వెనక రెండు చిన్న గిట్టలు మాత్రం కనిపిస్తున్నాయి. ఆంటీ భుజం దాకా గ్లవ్ తొడిగి చెయ్యి లోపలికి పెట్టారు. పశువుల డాక్టరుకి ఫోన్ చేస్తే రావడానికి గంట పైనే పడుతుందన్నారు.

"అంతసేపు ఆగదిది. దూడ చాలా పెద్దది. వేన్, దూడ కాళ్లకి గొలుసు వెయ్యి. ఇది ముక్కినప్పుడే లాగాలి, ముందు లాగొద్దు!"

ఆ పెయ్య అరిచిన అరుపు నేను అంతకుముందెప్పుడూ వినలేదు. నా చేతికి తాడిచ్చి తల పట్టుకోమన్నారు. దాని కన్ను సరిగ్గా నా ముఖం పక్కన ఉంది. తెల్లగుడ్డు కనిపించేలా తిరిగిపోయిన ఆ కంటిని చూస్తూ నేను తెలుగులోనే, "అయిపోయిందమ్మా, అయిపోయింది" అంటూ ఉండిపోయాను. చివరికి దూడ జారిపడింది. ఆంటీ దాని ముక్కు తుడిచారు, గడ్డితో పక్కలు రుద్దారు. అది కదల్లేదు. తల్లి మాత్రం బతికింది.

ఆంటీ చేతులు కడుక్కున్నారు. తర్వాత నావైపు తిరిగి, "ఈ దూడ తండ్రి ఆ పోయినేడు కొన్నదే. మోడల్‌లో దూడ పోతే వచ్చే నష్టం రాశాను. తల్లికేమవుతుందో రాయలేదు. జీవితమంతా ఇదే పని చేసిన నేను రాయలేదు, చూశావా?" అన్నారు.

ఆమె మందలో ఒకసారికి ఒకటే ఆబోతు, పోయినేటిదాని బదులే ఇప్పుడు కొనేది. పెద్ద ఆవులకూ పెయ్యలకూ అదే. ఇంటికొచ్చి, కష్టమైన కాన్పు వల్ల తల్లి చనిపోవడం, మళ్లీ ఆలస్యంగా చూడి కట్టడం కూడా లెక్కలో చేర్చాం. భారీ ఆబోతు కిందికి జారిపోయింది. ఎవరూ పట్టించుకోని మధ్యరకం ఎర్ర ఆబోతు పైకొచ్చింది.  ఒక్క వరుస చేరిస్తే మొత్తం తలకిందులైంది.

మర్నాడు వేలం చూడ్డానికి టికెట్ అక్కర్లేదు. బార్బెక్యూ భోజనం కూడా ఉచితమే. నేను బన్ను, బీన్స్‌తో సరిపెట్టుకున్నాను. వేలంపాట వేగానికి నా చెవులు గింగిర్లెత్తాయి. ఎర్ర ఆబోతుకు ఆంటీ చెయ్యెత్తారు, పోటీకి ఒకరిద్దరే మిగిలారు, అది మాదైంది.  వేన్ ట్రైలర్ తలుపు తెరిచి, దాన్ని నెమ్మదిగా ఎక్కించాడు.

తిరుగు ప్రయాణానికి ముందు పెయ్యను చూడ్డానికి వెళ్లాను. లేచి నిలబడి ఎండుగడ్డి తింటోంది. "బాగుపడుతోంది కదా ఆంటీ!" అన్నాను.

"బాగుపడుతుంది. ఇచ్చిన మందులు ఒంట్లోంచి పోయే గడువు తీరాక మార్కెట్‌కి పంపిస్తాం."

"మార్కెట్‌కంటే?"

"మాంసానికేనమ్మా. దూడ లేని తల్లిని ఏడాదంతా మేపితే మంద నిలవదు. అదీ మోడల్‌లోనే ఉంది." ఆ మాట అంటూ దాని మెడ నిమురుతూనే ఉన్నారు. ఆమె గొంతు మామూలుగానే ఉంది, కళ్లు మాత్రం అలా లేవు.

మేకన్ వచ్చేదాకా రేడియో పెట్టలేదు. ముందురోజు తల్లి బాధకు విలువ కట్టామని నేను సంతోషపడ్డాను. ఆ విలువ రాబోయే తల్లుల్ని కాపాడుతుంది, నిజమే. నేను తల పట్టుకున్న తల్లిని కాపాడదు. కాపాడడం, మాంసానికి పంపడం రెండూ ఒకే మనిషి, ఒకే చేత్తో చేస్తుంటే చూశాను. ఆంటీని తప్పుపట్టలేను, ఆ పెయ్య కన్ను మరిచిపోనూ లేను. సోమవారం ఆఫీస్‌లో నా మోడల్ తెరిచి, అందులో ఎవరెవరు లేరో చాలాసేపు వెతికాను.

మీరూ పిల్లలతో ఇలాంటి ఫామ్ చూడాలనుకుంటే, ఈనే కాలమేమో ముందుగా ఫోన్ చేసి కనుక్కోండి. ఏ పశువుకైనా పేరు పెట్టేముందు, అది అక్కడ ఎన్నాళ్లుంటుందో యజమానిని అడగండి.