నర్సప్ప అతుకులు

నర్సప్ప మామ చచ్చిపోవాలని నేను కోరుకున్న మాట నిజం. దాచుకోవాల్సిన పని లేదు. ఇరవై ఏళ్ల కిందట, వేరే కార్ఖానాలో మగ్గం దగ్గర కునుకు తీస్తున్నానని మాలక్‌కు, అంటే యజమానికి చెప్పి, సరిగ్గా పండగ ముందు నా పని పోగొట్టిన మనిషి అతను. అప్పటినుంచి మేముండే నీలం నగర్ సందుల్లో ఎదురుపడితే ఇద్దరం చెరో పక్కకి తల తిప్పుకుని నడిచేవాళ్లం.

అతనికి డెబ్బై ఎనిమిది. మా కార్ఖానాలో పవర్‌లూమ్ మీద నిలువు పోగులు చుట్టిన కొత్త బీమ్ ఎక్కించినప్పుడల్లా, పాత పోగు చివరకు కొత్త పోగు మెలేసి అతికే పని అతనిది. రెండు వేల పోగులు, ఒక్కొక్కటీ. వేళ్లకు బూడిద రాసుకుని కూర్చుంటే పని అయ్యాకే లేచేవాడు. యాభై ఏళ్లలో అతని అతుకుకు వంక పెట్టినవాడు లేడు. పొగరు కూడా అంతే ఉండేది. పక్కన నిలబడి చూస్తే కసిరేవాడు.

నిరుడు చలికాలంలో నా మగ్గం మాటిమాటికీ ఆగడం మొదలైంది. పోగు తెగడం, నేను ముడేయడం, మళ్లీ తెగడం. చద్దర్లన్నీ చారలు పడి వచ్చాయి. మాలక్ వినాయక్ నాకన్నా పదేళ్లు చిన్న. అందరి ముందు నన్ను కామ్‌చోర్, పనిదొంగ అన్నాడు. శనివారం దాకా చూస్తానని, తర్వాత వేరేవాణ్ణి పెట్టుకుంటానని చెప్పాడు. యాభై రెండేళ్ల వాడికి ఇంకో కార్ఖానాలో ఎవడు పనిస్తాడు? తప్పు అతుకుల్లోనే ఉందని నాకు తెలుసు. పక్కపక్క పోగులు తారుమారైతే ఒకదాన్నొకటి రాసుకుని, బీమ్ అయిపోయేదాకా తెగుతూనే ఉంటాయి. ఆ మాటంటే వినాయక్ నవ్వాడు. నర్సప్ప తప్పు చేస్తాడా అని.

ఒళ్లు మండి నేరుగా ముసలాడి ఇంటికి పోయాను. అతని భార్య చంద్రభాగ గడప దగ్గర బీడీలు చుడుతోంది. అతను గోడకు ఆనుకుని చాయ్ తాగుతున్నాడు. పొగలు కక్కే గ్లాసును పిడికిట పట్టుకుని కూర్చున్నాడు. వేలి కొసలు బొబ్బలెక్కి ఉన్నాయి, అతనికి కాలుతున్నట్టే లేదు. షుగర్ వల్ల స్పర్శ పోయిందని, ఆరు నెలలుగా ఎవరికీ చెప్పొద్దంటున్నాడని చంద్రభాగే చెప్పింది. నేను జాలి పడాల్సింది. పడలేదు.

“నీ చేతులు సచ్చినయి మామా. నువ్వు సచ్చెదాక మమ్ముల సంపుతవా?” అన్నాను.

చంద్రభాగ చేతిలో కత్తెర ఆగిపోయింది. అతను మాత్రం చాయ్ పూర్తిగా తాగి, గ్లాసు కింద పెట్టి, నా మొహం చూడకుండా వాకిలి చూపించాడు.

మర్నాడు పొద్దున కార్ఖానాకు వచ్చాడు. నన్ను పలకరించలేదు. నా బీమ్ మొదటి చిందీ ఎక్కడుందని అడిగాడు. కొత్త బీమ్ ఎక్కాక మొదట నేసిన జానెడు గుడ్డలో అతుకులన్నీ ఒక వరసలో పడతాయి. ఆ ముక్కను కోసి మూలకు పారేస్తాం. వెతికి తెచ్చి మొహాన పడేసినట్టు ఇచ్చాను. అతను వేళ్లతో తడమలేదు. ఆ వరసను పెదవుల మధ్య పెట్టుకుని, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా మెల్లగా జరిపాడు. పనివాళ్లు మగ్గాలు ఆపి చూశారు. ఎవరో నవ్వారు కూడా. అతను పట్టించుకోకుండా, అనుమానం తగిలిన చోటల్లా ఆగి పెన్సిల్‌తో గుర్తు పెట్టాడు. పద్దెనిమిది గుర్తులయ్యాయి.

“తప్పు నాది వినాయక్. సిద్ధరాములుది కాదు,” అన్నాడు నన్ను చూపించి. తర్వాత రెండు చేతులూ ఎత్తి అందరికీ చూపించాడు. “నాకంటె ముందు ఇవి పోయినయి. మిగిలింది గూడ పోతది. దానికి ఇంకోని పొట్ట కొట్టుడెందుకు?”

వినాయక్ శనివారం మాట వెనక్కి తీసుకున్నాడు. నా పని నాకు దక్కింది. కడుపుమంట మాత్రం చల్లారలేదు. ఆరు నెలలు దాచి ఇంతదాకా తెచ్చింది ఇతనే కదా.

తర్వాతి బీమ్‌ను నాతోనే అతికించాడు. వెనక కూర్చుని అతుకులన్నీ పెదవులతో చూశాడు, నచ్చనివి తెంపించాడు. మూడు రోజులు పట్టింది. నన్ను తిట్టని గంట లేదు. చివరి పోగు అయ్యాక తన బూడిద డబ్బా నా ఒళ్లో పడేశాడు.

“నేను పోయిన్నాడు గల్లీ అంత మగ్గాలు బంద్ పెడతరు. నువ్వు పెట్టకు. నీ ఏడుపు నాకొద్దు.”

వారం తిరక్కుండానే పోయాడు. శవం సందు దాటేదాకా మగ్గాలు ఆపడం మా గల్లీ ఆనవాయితీ. అన్నీ ఆగాయి. నేను ఆపలేదు. వినాయక్ వచ్చి తిట్టిపోశాడు, గుమ్మంలో ఎవరో ఉమ్మేశారు. కార్ఖానా ముందు నుంచి అతన్ని మోసుకుపోతున్నప్పుడు మొత్తం సందులో నా మగ్గం చప్పుడు ఒక్కటే వినిపించింది. ముసలాడి మీద కోపం పోలేదు, ఏడుపూ ఆగలేదు. ఒక్క పోగు తెగినా చాలు, ఆ వంకతో ఆపేసి బయటికి పోదామని కళ్లు తుడుచుకుంటూ చూశాను.

తెగలేదు.