అత్తగారు నూరిన సోలార్ సెల్

ఈ రోజు ఫిజిక్సు టీచర్నైన నేను మా అత్తగారి చేతిలో ఓడిపోయాను.

రేపు మా చోడవరం స్కూల్లో సైన్స్ ఎగ్జిబిషన్. విదేశాల్లో కనిపెట్టిన, పళ్ల రంగుతో ఎండని కరెంటుగా మార్చే రకం సోలార్ సెల్ చేద్దామని కూర్చున్నాను. గాజుపలక మీద టైటానియం డయాక్సైడ్ అనే తెల్లపొడిని ముద్దగా నూరి పూసి, కాల్చి, నేరేడుపళ్ల రసంలో నానబెట్టాలి. అంతా చేసి ఎండలో పెడితే మీటరు ముల్లు కదిలీ కదలనట్టు కదిలింది.

అత్తగారు కల్వంలో మిగిలిన ముద్దని వేళ్లతో రాసి చూశారు.

"ఏటే ఇది, ఇసకలాగుంది! గోరింటాకు ఇలాగ నూరితే పండుతాదేటి? పులుపేసేవా?"

"వెనిగర్ వేశానత్తయ్యా."

"మరింకేటి, మెత్తగా నూరు. లేపోతే ఇలాగియ్యి."

అరగంట నూరారు. ఆ ముద్ద పూసి కాల్చిన కొత్త పలక రసం తాగేసి ముదురు ఊదారంగుకి తిరిగింది, ముల్లు ఇందాకటికి రెండింతలు లేచింది. రేణువు ఎంత చిన్నదైతే అంత రంగు పడుతుందని నేనూ చదివాను. చెయ్యి నొప్పెట్టి ఆపేశాను, అంతే.

నేను గెంతుతుంటే ఆవిడ పెదవి విరిచారు. "ఇంత నూరినా బల్బు ఎలగదేటే?"

పెద్ద పెద్ద ల్యాబుల్లో వాళ్లని వేధిస్తున్న ప్రశ్న కూడా అదే. రేపు చార్టు మీద నా పేరు కింద కాదు, పైనే రాస్తున్నాను: 'నూరినవారు, మా అత్తగారు'. మీ ఇంట్లో సైంటిస్టు ఎవరు?