గోడకు తిప్పిన ఫోటోలు

నాగేందర్‌ది గొర్రెలు కాసే ఇల్లు. నల్లగొండలో ఒక స్టూడియోలో పెళ్లి ఆల్బమ్‌లు అతికిస్తూ పని నేర్చుకుని, తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు షార్జాకు వెళ్లాడు. అక్కడా స్టూడియో పనే. పొద్దంతా పాస్‌పోర్టు ఫోటోలు. హుజూర్‌నగర్ నుంచి వచ్చిన ఏసీ మెకానిక్ విజేందర్‌ది అతనుండే గదిలోనే పై మంచం. ఆ గదిలోనే ఇద్దరికీ మనసు కలిసింది. సంగతి బయటికి పొక్కితే జైలే. నలుగురిలో ఉన్నప్పుడు ఒకరి ముఖం ఒకరు చూసుకోవడానికి కూడా జంకేవారు.

శుక్రవారం సెలవు. నాగేందర్ ఆ రోజు తన కోసం ఫోటోలు తీసుకునేవాడు. బూట్లు విప్పకుండానే నిద్రపోయిన విజేందర్, ఆరేసిన బనియన్ల మధ్య గడ్డం గీసుకుంటున్న విజేందర్. తన చేతిలో ఇంత పనితనం ఉందని నాగేందర్‌కు అప్పుడే తెలిసింది.

కరోనా తర్వాత ఇద్దరూ తిరిగొచ్చి నల్లగొండలో ఇల్లు కిరాయికి తీసుకున్నారు. అడిగినవాళ్లకు దోస్తులమని చెప్పేవారు. వలస బతుకుల మీద నాగేందర్ తీసిన ఫోటోల ప్రదర్శన పెట్టుకోమని ఒక గ్రంథాలయం వాళ్లు హాలు ఇచ్చారు. మేకులన్నీ విజేందరే కొట్టాడు. తను కనబడే నాలుగు ఫోటోలు గోడకెక్కుతుంటే, "నీకు భయమైతలేదా?" అని అడిగాడు.

"ఇంకెన్ని దినాలు భయపడుతం రా? గిది మన జాగ," అన్నాడు నాగేందర్.

మరునాడు పొద్దున్నే చెల్లెలు ఫోన్ చేసింది, ఫోటోలు చూడ్డానికి అమ్మ బస్సెక్కిందని. అంతే, నాగేందర్ హాలుకు పరుగెత్తాడు. ఆ నాలుగింటినీ దించి, గోడ వైపు తిప్పి మూలకు పెట్టాడు.

తల్లి బీరమ్మ ఒక్కో ఫోటో ముందూ ఆగి చూస్తోంది. అంతలో విజేందర్ చాయ్ పట్టుకొని వచ్చాడు. ఖాళీ మేకులు చూశాడు.

"గీ పిలగాడెవరు బిడ్డా?"

"మేకులు కొట్టనీకె కూలికొచ్చిండమ్మా."

విజేందర్ ఆమెకు చాయ్ అందించి, సుత్తి సంచిలో వేసుకొని వెళ్లిపోయాడు. నాగేందర్‌కు తలెత్తబుద్ధి కాలేదు.

సాయంత్రం తల్లిని వెంటబెట్టుకొని ఇంటికి పోతే, విజేందర్ బట్టలు లేవు. ఫోన్ చేస్తే ఎత్తాడు.

"షార్జల దాసినవంటే పానాలు దక్కుతయని దాసినవ్. ఈడ దేనికి దాసినవ్ నాగన్నా?"

నాగేందర్ ఫోన్ పెట్టేసి వాకిట్లోనే కూర్చున్నాడు. బీరమ్మ వచ్చి పక్కన కూర్చుంది. "మూలకు వెట్టినయి తిప్పి చూసిన. గా పిలగాడే గద?"

"వాడు నా మనిషమ్మా. మేం కలిసి బతుకుతున్నం." ఇక దాచలేకపోయాడు.

ఆమె కొంగు కొస మెలిపెట్టింది. "నాకు గదంత సమజ్ కాదు బిడ్డా. గని నీ మనిషైతే, కూలోడని ఎట్లంటివి?"

ఆ మాటకు నాగేందర్ సిగ్గుతో చచ్చిపోయాడు. ఊరి వాళ్లు ఏమంటారోనని ఇన్నేళ్లు భయపడ్డాడు; ఆ ముక్క అన్నది మాత్రం ఊరు కాదు, తను.

తెల్లారి ఆ నాలుగింటినీ మళ్లీ గోడకెక్కించాడు. ప్రదర్శన అయిపోగానే వాటిని కట్టుకొని హుజూర్‌నగర్ వెళ్లాడు. విజేందర్ తలుపు తీశాడు. తప్పయిందన్న మాట నాగేందర్ నోట్లో పూర్తి కాకముందే ఫోటోలు అందుకొని లోపల పెట్టి వచ్చాడు. గడప మీద నిలబడ్డాడు. రమ్మనలేదు, పొమ్మనలేదు.