మిల్లీమీటరక్క కళ్ళు

మా అక్కని వీధంతా మిల్లీమీటరక్క అంటారు. ఆ పేరు పెట్టింది నేనే. చదువు నన్ను భరించలేక పదో తరగతిలోనే వదిలేసింది గానీ, పేర్లు పెట్టడంలో నాకు డాక్టరేటు ఇవ్వచ్చు. అక్క ఎగిరే దోమని ఆపి, రెక్కలు కొలిచి, ఎడమది కాస్త పొట్టి అని చెప్పి పంపగలదు. నమ్మనివాళ్ళు ఆ దోమనే అడగండి.

ఆమె పని స్టిక్కర్లు కోయడం. బస్సు అద్దాలకి అంటించే చిల్లుల వినైల్ మీరు చూసే ఉంటారు. బయటివాడికి బొమ్మ కనిపిస్తుంది, లోపల కూర్చున్నవాడికి వీధి కనిపిస్తుంది. బొమ్మ అచ్చయ్యాక దాని అంచు వెంట కత్తి నడిపే యంత్రమే ప్లాటర్. మూలల్లో వేసిన నల్ల గుర్తుల్ని చదివి, అక్కణ్ణుంచి దారి లెక్క కట్టుకుంటుంది. చిల్లుల సరుకైతే ఏది గుర్తో ఏది చిల్లో తెలియక దానికి తల తిరుగుతుంది. అందుకని అక్క గుర్తులు పడే చోట ముందే తెల్ల స్టిక్కరు ముక్కలు అంటించి, వాటి మీద గుర్తులు వేయిస్తుంది. కొత్త వినైల్ రోలు ఎక్కించినప్పుడల్లా ఒక చిన్న చదరం కోసి, స్టీలు స్కేలుతో కొలిచి, సరిపోతే బల్ల అంచుకి వరసలో అంటిస్తుంది. ఆ అంచు తడిమితే అక్క జీవితచరిత్ర చేతికి తగులుతుంది.

బావ పని ఆర్డర్లు తేవడం, రోల్స్ మోయడం, అక్క పనితనం చూసి పొంగిపోవడం. మూడోదే ఎక్కువ చేసేవాడు.

అలాంటిది, ఈ మధ్య కోత తప్పడం మొదలైంది. చదరం సరిగ్గానే వచ్చేది. పొడుగు బొమ్మకి మాత్రం కత్తి మొదట గీత మీదే నడిచి, చివరికొచ్చేసరికి అగ్గిపుల్ల మందం పక్కకి జరిగేది. నవ్వుతున్న పాప చెవి సగం తెగిందని బస్సుల యజమాని తెచ్చి చూపించాడు. ఇంకోసారి ఇలా అయితే పని వేరేచోట ఇస్తానన్నాడు. అక్క కత్తి మార్చింది, వేగం తగ్గించింది, రోలర్లు తుడిచింది. చివరికి తప్పు తన కళ్ళదే అనుకుంది.

బావ కాదనలేదు. చూపు తగ్గే వయసేనన్నాడు. కంటి చుక్కలు తెచ్చి, గడ్డం పట్టుకుని రోజూ ఆయనే వేసేవాడు. ఆ ప్రేమ చూసి నాకే కళ్ళు చెమర్చాయి, నాకూ రెండు చుక్కలు వేయమన్నాను. అక్క నవ్వలేదు. ఈ పొడుగు అద్దాల పని అయిపోగానే ప్లాటర్ ముందు కుర్చీ ఎవరికైనా అప్పగించేస్తానంది. ఆ కుర్చీలో నన్ను టీ తాగేంతసేపు కూడా కూర్చోనివ్వని మనిషి.

ఒక మధ్యాహ్నం బావ రోలు ఎక్కించి, చుక్కలు వేసి, కాసేపు కళ్ళు తెరవద్దన్నాడు. అక్క వెనక్కి వాలింది. ఊరికే ఉండలేని చెయ్యి బల్ల అంచు మీద పాకింది. పాత చదరాల మీద నున్నగా జారి, చివరి వాటి దగ్గర ఆగింది. వెనక్కి వెళ్ళి, మళ్ళీ అక్కడే ఆగింది. రెండో చెయ్యి రోలు మీద పెట్టింది.

"ఈ రోలు ఎక్కడిదండీ?"

"ఎప్పటిదేనే. పెట్టె చూడు."

"పెట్టె ఎప్పటిదే. చిల్లులు వేరు. అడుగు కాగితం పలచన."

బావ నా వైపు చూశాడు. నేను ఫ్యాను వైపు చూశాను. తర్వాత నెమ్మదిగా బయటపడింది. పాత స్నేహితుడు సరుకు కొట్టు పెట్టాడట, బతిమాలితే ఈయన మాటిచ్చేశాడట. అక్క ఒప్పుకోదని పాత పెట్టెల్లో సర్దాడట. పలచటి కాగితం రోలర్ల కింద సాగుతుంది. పొడుగు పెరిగేకొద్దీ తప్పు పెరుగుతుంది. పాప చెవి తెగినరోజే అది తనకి అర్థమైందని కూడా ఒప్పుకున్నాడు.

అక్క కళ్ళు తెరవలేదు. రెప్పల కింద నుంచి కారింది మందేనని నేను ఇప్పటికీ వాదిస్తాను.

"రోలు మార్చారు, సరే. చూపు పోతోందని నేను కుమిలిపోతుంటే, అన్నీ తెలిసి నా కళ్ళల్లో చుక్కలెలా వేశారండీ?"

బావ సీసా మూత కోసం వెతికాడు. అది ఆయన చేతిలోనే ఉంది.

అక్క ముఖం కడుక్కుని వచ్చింది. గుర్తులు దగ్గరదగ్గరగా వేయించి, చేతిలో ఉన్న ఆ పలచటి సరుకు మీదే బొమ్మలు మళ్ళీ అచ్చు తీయించింది. రోలుని ఒకసారి ముందుకీ వెనక్కీ కోయకుండా ఖాళీగా నడిపి, ప్రతి గుర్తు దగ్గరా యంత్రాన్ని ఆపి చదివిస్తూ కోసింది. పాప చెవి నిండుగా వచ్చింది.

"చూశావా, నీ కళ్ళకేం కాలేదే," అన్నాడు బావ, గండం గడిచినవాడిలా.

అక్క స్కేలు తీసి చెవి కొలిచింది. కుర్చీ ఎవరికీ ఇవ్వలేదు.

ఇప్పుడు మామూలుగానే మాట్లాడుతుంది, నా కోతలకి నవ్వుతుంది కూడా. సాయంత్రం బావ షట్టరు దించి, తాళం వేశానే అంటాడు. అక్క వెనక్కి వెళ్ళి తాళం లాగి చూస్తుంది. ఆమె వచ్చేదాకా ఆయన వీధిలో నిలబడి ఉంటాడు.