కొలిమిలో కాలని నల్లరాయి

ఆనందం ముప్పై ఏళ్లు ముగ్గురాయి గనిలో పనిచేశాడు. ఏ రాయినైనా నాలుకతో తడిపి చూడందే దాని గురించి మాట్లాడడు. తడిస్తేనే రాయి తన గీతలు బయటపెడుతుందని అతని నమ్మకం. గని మానేశాక అతనికి మిగిలింది రెండెకరాల చేను.

పక్కపొలం రాజశేఖర్ రెడ్డి బావి తవ్విస్తుంటే నల్లటి పొర బయటపడింది. బొగ్గు పడిందని అతను ఊరంతా చాటాడు. ఆ పొర ఆనందం చేలోకి పోతోందంటూ, తవ్వకానికి చేను రాసివ్వమని కాగితం పట్టుకొచ్చాడు.

ఆనందం రాయి తడిపాడు. నలుపు మధ్యన తెల్లటి గీత, అక్కడక్కడ ఇత్తడి మెరుపు.

"ఇది బొగ్గు గాదు రెడ్డీ. భూమి కింద సలసల కాగిన నీళ్లు బీటల్లో పైకి పాకి, సల్లారి, ఈ తెల్లగీత పెట్టి పోయినాయి. గనిలో ఇట్లాటివి శానా సూసినా. ఈ రాళ్లు పుట్టేనాటికి భూమ్మీద చెట్టే లేదని ఇంజనీర్లు చెప్పేవాళ్లు. చెట్టు లేంది బొగ్గు యాడిది? ఉన్నా ఆ వేడికి ఎప్పుడో ఉడికి మారిపోయుంటాది."

"గంపలు మోసినోడివి, నాకు పాఠం చెప్తాండావా?"

"మోసినా గాబట్టే తెలుసు."

తగువు వీరభద్ర కొలిమి దగ్గరికి చేరింది. ఎర్రగుంట్ల ఫ్యాక్టరీలకు పోయే లారీలు రోడ్డు మీద రాల్చిన బొగ్గుతోనే ఆ కమ్మరి పని సాగేది. ఆ బొగ్గుపెళ్ల ఒకటి, బావిరాయి ఒకటి పక్కపక్కన నిప్పుల్లో పెట్టించాడు ఆనందం. కాసేపటికి రాయి నుంచి ఘాటుగా గంధకం వాసన లేచింది.

"సూసినారా, కాల్తాండాది. సంతకం పెట్టు," అన్నాడు రాజశేఖర్.

"పెట్టరాదా ఆనందం, గని పడితే అందరికీ మేలు," అన్నారు చుట్టూ ఉన్నవాళ్లు.

"ఆ మెరుపులో ఉండే గంధకం అది. దాన్ని పోనీండి."

అరగంటకు బొగ్గు బూడిదైంది. వీరభద్ర పట్టకారుతో రాయిని తీసి నేలమీద పడేశాడు. అది రంగు మారి, రెండుగా పగిలి, రాయిగానే ఉంది.

"దీంతో నాగలి కర్రు కాల్చాలంటే నా మనవడి కాలం రావాల రెడ్డీ," అన్నాడు. అందరూ నవ్వారు.

రాజశేఖర్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "చేను నీకే ఉండనీ. యాడనుంచి పోతావో సూస్తా."

తెల్లారేసరికి, రాజశేఖర్ పొలంలోంచి ఆనందం చేనికి పోయే బాటకు అడ్డంగా ముళ్లకంప ఉంది. వాగు వెంట చుట్టూ తిరిగి పోతే మైలున్నర. ఆనందం పార భుజాన వేసుకుని అటే నడిచాడు. గని దుమ్ము పట్టిన ఊపిరి. దారిలో మూడుసార్లు కూర్చోవలసి వచ్చింది.

నాలుగోసారి తన చేని గట్టు మీదే కూర్చున్నాడు.