పాదం మధ్యలో ఊపిరి

పాట ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే ఆమె పరుపుల కొట్టు వైపు వేలు చూపిస్తుంది. అడిగినవాళ్ల మొహం చిన్నబోతుంది. వాళ్లకు కావలసింది వెన్నెల, పొలం గట్టు, అమ్మ జోలపాట. ఇక్కడ ఉన్నవి ముద్దకట్టిన దూది, చిరిగిన గలీబులు, తుమ్ములు. జానపదం అనగానే కళ్లు మూసుకుని చేతులు జోడించేవాళ్లను ఒక్క పూట ఈ దుమ్ములో కూర్చోబెట్టాలి.

కొట్టు మేనమామది. తల్లి పోయాక అతనే తెచ్చి పెంచాడు. దూది ఏకే పెద్ద విల్లు దూలానికి వేలాడేది. కొయ్యతో కొడితే దాని నారి గుంయ్‌మనేది. ఈనాటికీ ఆమె శ్రుతి అదే. మావయ్య ఆ నారి మీద పాడేవాడు, పక్కగదిలో అత్త కుట్టుమిషన్ తాళం వేసేది. పాట పాదం మధ్యలో అతను ఆగేవాడు. మిషనూ ఆగేది. మళ్లీ అతను ఎత్తుకుంటే అదీ కదిలేది. పిల్ల ఆ ఆగడాన్ని కూడా పాటతో కలిపే నేర్చుకుంది.

మాటలు మాత్రం గిరాకీలవి. పాత పరుపు మోసుకొచ్చినవాళ్లు ఊరికే ఉండరు. "ఎటు పొర్లినా ఆయన పడుకున్న గుంటలోకే జారిపోతున్నానమ్మా" అంది ఒక ముసలావిడ. మర్నాటికి అదే పల్లవి. తనుగా ఏమీ చేర్చలేదు. చివర 'అమ్మా' ఒక్కటి తీసేసింది. ముస్తాబై వచ్చిన మాటంటే ఆమెకు అనుమానం. ముందు విల్లు మీటుతుంది, మాటను దాని మీద పడుకోబెడుతుంది, పొడుచుకొచ్చిందల్లా కత్తిరిస్తుంది. చివరికి ఎక్కడ ఆగాలో వెతుకుతుంది. ఆ చోటు దొరక్కపోతే పాట లేదు. ఎందుకంటే పోయిన మావయ్య వచ్చేది ఆ సందులోనే. కనిపించడు, చెవి వెనక వెచ్చగా తగిలి పోతాడు. దేవుణ్ణి అంతంతమాత్రంగా నమ్మే మనిషి, దీన్ని మాత్రం నమ్ముతుంది.

పాటలు రికార్డు చేస్తానంటూ ఒకతను వచ్చాడు. ఒక పాట విని ఊగిపోయాడు.

"ఆ విరుపుందే, అదేనండీ మీ శైలి! ఎక్కడ పట్టారు?"

పక్కగదిలోంచి అత్త అంది: "శైలీ లేదు, గియిలీ లేదు. దగ్గు, నాయనా."

హాస్యమనుకుని నవ్వి, వారంలో మైకుతో వస్తానని వెళ్లిపోయాడు.

"ఏంటత్తా ఆ మాట?"

"ఉన్నమాటే. పెళ్లినాటికి మీ మావయ్య ఆపమన్నా ఆపేవాడు కాదు. మా అమ్మ చెవుల్లో దూది కుక్కుకునేది. దూదికి కరువా ఈ కొంపలో? ఆ దూదే ఆయన ఊపిరితిత్తుల్లోకీ పోయింది. నువ్వొచ్చేసరికి పాదం నిండా లాగలేకపోయేవాడు. నువ్వదేదో రాగమనుకున్నావు."

"ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"పాడుకుంటున్నావులే అని. నువ్వక్కడ ఆగినప్పుడల్లా నాకాయన మళ్లీ పోతున్నాడే. ఇప్పుడు ఊరందరికీ వినిపిస్తానంటున్నావు. తీసెయ్యవే, నీకు దండం పెడతా."

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అంటారు. ఇక్కడ కప్పా పామూ ఎవరూ లేరు. ఇద్దరూ ఆమెను పెంచినవాళ్లే. తీసేస్తే మావయ్య ఇక రాడు. వారమంతా గొణుక్కుంటూ ఆ ఖాళీల్లో మాటలు కుక్కింది. పాట గట్టిగానే నిలబడింది, ఎవరూ పడుకోని కొత్త పరుపులా.

అతను మైకు పెట్టాడు. "పెద్దమ్మగారూ, కాసేపు మిషన్ ఆపుతారా?"

"ఆపితే గలీబులు నువ్వు కుడతావా?"

సరే, ఉండనీయండన్నాడు. ఆమె విల్లు మీటి ఎత్తుకుంది. ఆ చోటు వచ్చింది. ఆమె ఆగలేదు.

మిషన్ ఆగింది.

రెండో పాదంలోనూ అంతే. తలుపు సందులోంచి చూసింది. అత్త కాలు గాల్లో ఉంది, మెడ ఇటు తిరిగి ఉంది. ఆ రోజుల్లో మావయ్య ఆగిన ప్రతిసారీ, ఊపిరి మళ్లీ అందుతుందో లేదోనని అత్త అలాగే కాలెత్తి వినేది. ఆ కాలికి ఇక మానెయ్యమని ఎవరూ చెప్పలేదు.

"అమ్మా, కుడితే ఆపకుండా కుట్టండి," అన్నాడతను.

"ఎక్కడాపాను? కుడుతూనే ఉన్నాగా!"

మూడో పాదంలో కుక్కిన మాటను ఆమె వదిలేసి, పాత చోటే ఆగింది. మిషనూ ఆగింది. నారి మోత సన్నగిల్లి చచ్చిపోయింది. ఇద్దరు ఆడవాళ్లూ వింటున్నారు.

"ఎత్తుకోవే," అంది అత్త లోపల్నుంచి. "ఎత్తుకో. భయమేస్తోంది."